అరనిమిషం సంతకం

ఆ రోజు పొద్దున టపా గుమస్తా వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పదింటికి మేనేజరు గదిలోకి వెళ్ళాలి, ఫారం మీద సంతకం పెట్టించుకోవాలి. భోజనాల వేళకి పెయింటరు కూతుర్ని వెంటబెట్టుకుని ట్రస్టు ఆఫీసుకు పోయి దాన్ని ఇచ్చేయాలి. రెండింటికల్లా వచ్చి తన సీట్లో కూర్చోవాలి. గడువు ఎటూ సాయంత్రం అయిదింటిదాకా ఉంది.

"అరనిమిషం పని," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మీ ఆఫీసులో అరనిమిషంలో అయ్యేది మీకు కోపం రావడమొక్కటే," అంది భార్య, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

ఆ మాటకే కోపం వచ్చింది ఆయనకి. తూకం యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో వచ్చిన ఉత్తరాలు రిజిస్టరులో ఎక్కించడం, పోయే ఉత్తరాలకు స్టాంపులు అంటించడం ఆయన ఉద్యోగం. లోకం తీరు మీద మండిపడటం ఆయన స్వభావం. వెనకాల అందరూ టపాకాయ అంటారు. ఎదురుగా అనేంత గుండె ధైర్యం ఇంతవరకూ ఎవరికీ లేదు.

ఆ కోపం పనికొచ్చే చోటు కూడా ఒకటుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన సైకిలు షాపు మేడ మీది రెండు గదుల్లోకి వెళతాడు. రిటైరైన లెక్కల టీచరమ్మ అక్కడ ఒక సేవాసంఘం నడుపుతోంది. వాళ్ళు ఎవరికీ పైసా ఇవ్వరు. కాలేజీ చదువులకు ఏ ట్రస్టు సాయం చేస్తుందో, ఏ ఫీజు ఎవరు భరిస్తారో వెతికి పట్టుకుని, పిల్లల చేత ఫారాలు నింపించి గడువులోగా చేరుస్తారు. "ఇచ్చేవాళ్ళుండీ, ఉన్నారని పిల్లలకి తెలియక చదువులు మానేస్తున్నారంటే ఒళ్ళు మండదూ!" అంటాడు టపా గుమస్తా. అలా ఒళ్ళు మండుతూనే ఇప్పటికి ఎన్నో ఫారాలు నింపించాడు.

పెయింటరు కూతురు రెండేళ్ళుగా అక్కడికి వస్తోంది. పశువైద్య కళాశాలలో సీటు తెచ్చుకుంది. తండ్రి నిచ్చెన మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆ ఇంటికి ఆధారం తల్లి కుట్టు మిషనే. టీచరమ్మ వెతగ్గా వెతగ్గా ఒక ట్రస్టు దొరికింది. అయిదేళ్ళ ఫీజూ వాళ్ళే కడతారు. ఈ ఫారం ఇవాళ అందకపోతే సీటు వదులుకోవలసిందే. అందులో ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. దాని పక్కన "విద్యార్థిని ఎరిగిన బాధ్యతగల ఉద్యోగి సంతకం" అని అచ్చువేసి ఉంది. బాధ్యతగల ఉద్యోగి అనగానే టపా గుమస్తాకి మేనేజరు గుర్తొచ్చాడు.

మేనేజరు ఫారం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. శనివారాల్లో టీచరమ్మ గదులకు చందా పట్టుకొచ్చి, పది నిమిషాలు కూర్చుని పోయే మనిషే కాబట్టి అమ్మాయిని ఎరిగినవాడే.

"ఎంత గొప్ప పనండీ! దీన్ని ఇలా గదిలో, ఒక మూల, ఎవరికీ తెలియకుండా చేసేస్తామా?"

"ఎవరికీ తెలియక్కర్లేదు సార్. ఇదిగో, ఈ గడిలో పెట్టండి చాలు."

"మీకు అర్థం కావట్లేదు," అని మేనేజరు ప్రచార విభాగం చూసే ఆవిడను పిలిపించాడు.

ఆవిడకి మాత్రం వెంటనే అర్థమైంది. "ఫొటో ఉండాలి సార్. ఫొటో అంటే వెనకాల బ్యానరుండాలి. బ్యానరు కట్టాలంటే హాలు కావాలి. హాలు నిండాలంటే జనం రావాలి."

"జనం వస్తే ముఖ్య అతిథి లేకపోతే ఎలా? డైరెక్టరు గారిని నేను పిలుస్తా. పదకొండున్నరకి పెట్టేద్దాం!" అన్నాడు మేనేజరు.

"సార్, గడువు..."

"అయిదింటికి కదండీ! ఆకాశమేం ఊడిపడదు." ప్రచారం ఆవిడ ఫారం అందుకుని, నలగకుండా తన దగ్గరుంచుతానంది. టపా గుమస్తా పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చాడు. రిసెప్షను బల్ల మీద ఒద్దికగా కూర్చున్న పెయింటరు కూతురు లేచి నిలబడింది.

"అయిపోయిందా బాబాయ్?"

"అయిపోవస్తోందమ్మా," అన్నాడు. జీవితంలో ఆయన చెప్పిన అబద్ధాలు బహు తక్కువ. అందులో ఇదొకటి.

బ్యానరు పన్నెండున్నరకి వచ్చింది. దాని మీద "విద్యాదాన మహోత్సవం" అని నిలువెత్తు అక్షరాలున్నాయి. కింద మేనేజరు ఫొటో. అమ్మాయి పేరు కోసం వెతికితే అచ్చాఫీసు వాళ్ళ ఫోను నంబరు దొరికింది.

"దానమేంటి సార్? మనం ఏం ఇస్తున్నాం? ఒక్క సంతకం! దానిక్కూడా సిరా ఖర్చు తప్ప ఇంకేం లేదు!"

"సంతకాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి," అన్నాడు మేనేజరు నొచ్చుకుంటూ.

దానం అన్న మాట హాలు గుమ్మం దాటి ఫ్యాక్టరీలోకి వెళ్ళేసరికి, అందరి జీతాల్లోంచి ఒక రోజుది కోసేస్తున్నారన్న వార్తగా మారింది. భోజనాల గంట కొట్టగానే ఫిట్టర్లంతా యూనియన్ నాయకుణ్ణి ముందు పెట్టుకుని హాలు ముందు బైఠాయించారు. టపా గుమస్తా వాళ్ళ మధ్యకి వెళ్ళి, ఎవరి జీతమూ ఎవరూ కొయ్యట్లేదని గొంతు చించుకున్నాడు.

"అయితే మీకు ఇంత ముందుగా ఎలా తెలుసు? మీరు మేనేజ్‌మెంటు మనిషా?" అని నిలదీశాడు నాయకుడు. ఇన్నేళ్ళలో మేనేజ్‌మెంటు ఇచ్చిన ప్రతి సర్క్యులరునూ ఏకిపారేసిన మనిషిని పట్టుకుని ఆ మాట! ఆయన ఆ సర్క్యులర్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ లెక్క తేలేలోపే స్టోర్స్ సెక్షన్ వాళ్ళు వచ్చారు. హాలు, కుర్చీలు, బ్యానరు, మధ్యలో టపా గుమస్తా. ఇవన్నీ చూసి వాళ్ళు ఆయన రిటైరైపోతున్నాడని తేల్చుకుని, అప్పటికప్పుడు వంతులేసుకుని ఒక గోడగడియారం కొనుక్కొచ్చారు.

"ఎన్నిసార్లు మీతో మాట పడ్డా, మీరు వెళ్ళిపోతున్నారంటే బాధగానే ఉందండీ," అన్నాడు స్టోర్‌కీపరు. ఆయన ముఖంలో బాధ తప్ప మిగతావన్నీ ఉన్నాయి.

"నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది!" అని గర్జించాడు టపా గుమస్తా. స్టోర్స్ వాళ్ళ ముఖాలు ఒక్కసారిగా వాడిపోయాయి. గడియారాన్ని దుకాణంవాడు వెనక్కి తీసుకుంటాడా లేదా అని అతనికి ఫోన్ చేయడానికి ఒకడు పక్కకి వెళ్ళాడు.

డైరెక్టరు గారు మూడింటికి దయచేశారు. ఎవరో ఆయనకి ఫోన్లో సంతకాల కార్యక్రమం అని చెప్పారట. సంతకాలంటే ఆయనకు తెలిసింది ఒప్పందాలే. మైకు అందుకుని తూకం యంత్రాల భవిష్యత్తు గురించి మొదలుపెట్టారు. నడుమ అమ్మాయి వైపు తిరిగి, "ఇంత చిన్న వయసులో మనకింత పెద్ద ఆర్డరు ఇస్తున్న ఈ అమ్మాయిని చూసి మనమంతా నేర్చుకోవాలి," అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. అమ్మాయి బిక్కమొహం వేసుకుని టపా గుమస్తాకేసి చూసింది.

జేబులో ఫోన్ మోగింది. టీచరమ్మ.

"ఫారం ఇంకా చేరలేదట, ఇప్పుడే ట్రస్టు వాళ్ళని అడిగాను. ఎక్కడున్నారండీ?"

"ప్రసంగంలో ఉన్నామండీ."

"సంతకానికి ప్రసంగమేంటి?"

"అదే నేనూ పొద్దుట్నుంచీ అడుగుతున్నా!" అన్నాడు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

నాలుగుంపావుకి ఘట్టం వచ్చింది. ప్రచారం ఆవిడ ఎర్రగుడ్డ తొలగించింది. లోపల పటం కట్టించిన ఫారం! బంగారు రంగు చట్రం, పైన అద్దం. "కాగితం ఫొటోలో వంగిపోతోందని కట్టించానండీ," అంది గర్వంగా. మేనేజరు లావుపాటి నల్ల స్కెచ్ పెన్ను మూత తీసి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వి, అద్దం మీద జానెడు సంతకం గీశాడు.

ఇక ఆగలేకపోయాడు టపా గుమస్తా. వేదిక ఎక్కి మైకు లాక్కున్నాడు. "ఏమయ్యా, ఈ పిల్ల పొద్దున పదింటి నుంచీ మీ బల్ల మీద కూర్చుంది! మంచినీళ్ళయినా అడిగారా ఎవరైనా? అయిదేళ్ళ చదువు! ఒక్క గీత గీస్తే అయ్యేదానికి బ్యానరు కట్టారు, హాలు నింపారు, ఊరేగించడమొక్కటే తక్కువ. చివరికి గీత కూడా గాజు మీదే గీశారు! సాయం చేస్తే చెయ్యండి, లేకపోతే అడ్డు తప్పుకోండి!"

డైరెక్టరు గారు దాన్ని వందన సమర్పణ అనుకుని చప్పట్లు కొట్టారు. టపా గుమస్తా ఒక చంకలో పటం ఇరికించుకుని, ఒక చేత్తో అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఇంకా దీక్ష విరమించని ఫిట్టర్లను దాటుకుంటూ రోడ్డు మీద పడ్డాడు. ఆటో దొరికింది. ట్రాఫిక్కూ దొరికింది. దారి పొడుగునా ఆయన మేనేజర్లనీ, డైరెక్టర్లనీ, స్కెచ్ పెన్నులు కనిపెట్టినవాణ్ణీ తిట్టిపోశాడు. అమ్మాయి మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా ఆటోవాడి వాచీకేసి చూస్తూ కూర్చుంది.

ట్రస్టు కౌంటరు చేరేసరికి అయిదుకి పన్నెండు నిమిషాలు.

"మేం ఫారాలు తీసుకుంటామండీ, పటాలు కాదు," అంది కౌంటరులోని పెద్దావిడ. నెమ్మదిగా కత్తెర మొనతో వెనక మేకులు ఊడదీసి అట్ట తీసింది. అద్దం పక్కకి జరిగింది, దాంతోపాటే మేనేజరు సంతకమూ జరిగింది. గడి ఖాళీగా ఉంది.

టపా గుమస్తా మళ్ళీ అందుకున్నాడు. ఆవిడకి బ్యానరు దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా వినిపించాడు. ఆవిడ అంతా విని, ఫారం తిప్పి వెనకవైపు చూసింది.

"మీ మేనేజరు గారు ఆ కంపెనీలో ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?"

"నాలుగేళ్ళు. అంతకుముందు ఎక్కడ తగలడ్డాడో తెలీదు."

"అయితే ఆ అద్దానికి దణ్ణం పెట్టుకోండి. పదేళ్ళ సర్వీసున్నవాళ్ళే సంతకం చెయ్యాలని ఇక్కడ రాసుంది. ఆయన సంతకం కాగితం మీద పడుంటే ఫారం పనికిరాకుండా పోయేది. కొట్టివేతలు మేం ఒప్పుకోం."

టపా గుమస్తా బల్ల అంచు పట్టుకున్నాడు. ఆవిడ అడగడం ఆపలేదు.

"మరి మీరేం చేస్తారు?"

"అదే కంపెనీలో... టపా సెక్షనండీ. ఇరవయ్యారేళ్ళు."

"ఈ అమ్మాయి తెలుసా?"

"రెండేళ్ళుగా తెలుసు. నా చేతి మీదుగానే..."

"పర్మనెంటేనా?"

"పర్మనెంటే."

ఆవిడ కలం ఆయన ముందు పెట్టింది. "ఇంకెందుకండీ ఆలస్యం? మీరు బాధ్యతగల ఉద్యోగే కదా!"

ఇరవయ్యారేళ్ళలో ఆ మాట ఆయన్ని ఎవరూ అనలేదు. ఎవరైనా అనొచ్చునని ఆయనకీ తట్టలేదు. ఏదో గట్టిగా అనబోయాడు గాని, ఎవరి మీద అనాలో తెలియలేదు. గడి దాటకుండా జాగ్రత్తగా సంతకం పెట్టాడు. అరనిమిషం పట్టింది. ఆవిడ ముద్ర గుద్ది రసీదు చింపి అమ్మాయికిచ్చింది.

మెట్లు దిగుతూ అమ్మాయి రసీదుని రెండు చేతులా పట్టుకుని చూసుకుంది. "ఆ వెనక రాసింది నేను మొన్ననే చదివాను బాబాయ్. మీరే పెడతారనుకున్నా. మేనేజరు గారి దగ్గరికెళ్తుంటే, ఆయనకీ పదేళ్ళు నిండాయేమో, పెద్ద సంతకమైతే బాగుంటుందని మీరనుకుంటున్నారేమో అని ఊరుకున్నా."

ఆయన రసీదు అందుకుని, దాని వెనక కూడా ఏమైనా రాసుందేమోనని తిప్పి చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా టపా గుమస్తా ఎవరి మీదా కేకలు వెయ్యకపోయేసరికి, ఆఫీసు వాళ్ళు డాక్టరుకి కబురు పెట్టారు.