ప్యాకెట్ దుంపకు శాంతి బహుమతి

ఆదివారం భోజనంలోకి కాల్చే బంగాళాదుంపలకు ముందే పూత పూసి, ప్యాకెట్‌లో పెట్టి అమ్మిన మహానుభావుడికి శాంతి బహుమతి ఇచ్చి తీరాలి! నవ్వకండి. ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని మా ఇంట్లో ముప్ఫై ఏళ్ల యుద్ధాన్ని ఆపింది ఆయనే.

ఆ యుద్ధం మా ఆవిడ హిల్డాకీ, ఆమె చెల్లెలు మ్యూరియల్‌కీ మధ్య. దుంపలు సగం ఉడికాక గిన్నె మూత బిగించి కుదుపుతారు. అంచులు గరుకెక్కాక పూత పూసి, కాగిన బాతు కొవ్వులో వేసి ఓవెన్‌లోకి తోస్తారు. ఇంతే కదా? కానీ పూత దేనితో పూయాలి? హిల్డా మైదా, ఆవపిండి అంటుంది. మ్యూరియల్ రవ్వ, మిరియాల పొడి అంటుంది. పార్లమెంటు కూడా అంతసేపు కొట్టుకోదు!

“నీ మైదా పూస్తే దుంపకు దుప్పటి కప్పినట్టుంటుందే అక్కా!”

“నీ రవ్వ నమిలితే సముద్రపొడ్డున కూర్చుని తిన్నట్టుంటుంది. పళ్లన్నీ ఇసకే!”

“అమ్మ రవ్వే పూసేది.”

“అందుకే నాన్న గ్రేవీలో నానబెట్టుకుని తినేవాడు. ఆ గిన్నె ఇటివ్వు!”

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటి భోజనానికి మ్యూరియల్ రెండు బస్సులు మారి పదింటికే దిగేది. రెండు ట్రేల దుంపలూ నేనే రుచి చూడాలి. రెండూ బాగున్నాయంటే ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు. అదీ ఒక బతుకేనా?

తర్వాత హిల్డాకు మణికట్టు నొప్పి మొదలైంది. బరువు గిన్నె కుదపలేక ప్యాకెట్ తెచ్చింది. ఆహా, ఏం సుఖం! ఫ్రీజర్‌లోంచి ఓవెన్‌లోకి, అంతే. దుంపలన్నీ ఒకే సైజు, ఒకే రంగు, ఒకే రుచి. ఏం రుచి అని మాత్రం అడక్కండి, నేనెప్పుడూ అట్టపెట్టె తిని చూడలేదు.

మ్యూరియల్ ఫోన్‌లో, “ప్యాకెట్టే అయితే మా ఫ్రీజర్‌లోనూ ఉందిగా బావా, దానికోసం అంత దూరం ఎందుకూ?” అంది. రావడం మానేసింది. చూశారా, రెండు బస్సుల శ్రమ కూడా తప్పింది! ఇప్పుడు తనింట్లో ఒక్కతే కూర్చుని ప్రశాంతంగా తింటోంది. మా ఇంట్లోనూ గడియారం చప్పుడు శుభ్రంగా వినిపిస్తోంది. హిల్డా ప్రతి ఆదివారం అలవాటుకొద్దీ మూడు పళ్లేలు తీస్తుంది. ఒకటి మళ్లీ అలమరలో పెట్టేస్తుంది. ఆ శాంతిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న ఆదివారం పొద్దున్నే లేచి ప్యాకెట్‌ను చెత్తబుట్టలో పడేశాను. గిన్నె నేను కుదుపుతానని హిల్డాకు మాటిచ్చాను. ఆ తర్వాత మ్యూరియల్‌కు ఫోన్ చేసి, ఇవాళ మీ అక్క తనే పూత పూస్తోందనీ, రవ్వ కోళ్లకు వేసే మేత అంటోందనీ చెప్పాను. రెండోది పచ్చి అబద్ధం.

“అలా అందా? నేనొచ్చేదాకా ఆ మైదా డబ్బా మూత తీయొద్దని చెప్పు బావా!”

పదింటికల్లా తలుపు దబదబా బాదింది. నన్ను పలకరించకుండానే వంటింట్లోకి దూరింది. అరుపులు మొదలయ్యాయి.

ఆ బహుమతి ఇంకెవరికైనా ఇచ్చుకోండి. మా ఇంట్లో శాంతి లేదు. మూడో పళ్లెం మాత్రం బల్ల మీదే ఉంది.