గేటుకు అడ్డం పడ్డ కారు

పెళ్లయిన నలభయ్యో రోజున ఆమె కొత్త ఉద్యోగంలో చేరాలి. పదింటికల్లా సంతకం పెట్టకపోతే ఆ కుర్చీ జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. తొమ్మిదికే ఇస్త్రీ బట్టలు, సంచీలో సర్టిఫికెట్లు, ముఖం నిండా నవ్వుతో తయారైంది. తానే దింపుతానని భర్త వారం నుంచీ ఊరిస్తున్నాడు.

కారెక్కి చూస్తే సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. నిన్న దర్జీ దగ్గరికి కారు తీసుకెళ్లింది ఆమే. అతనికంటే మూడు వేళ్లు పొడవు. పెళ్లి ఫోటోల్లో అతని కాళ్ల కింద ఇటుక ఉన్న సంగతి ఫోటోగ్రాఫరుకూ వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె కళ్లెదుటే సీటు ముందుకు లాక్కోవడానికి అతనికి మనసొప్పలేదు. అలాగే కూర్చుని, కాలి మునివేళ్లు చాచి తాళం తిప్పాడు. దీపాలు వెలిగాయి. ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు.

"టాక్సీలో పోతాను లెండి."

"మొదటిరోజు టాక్సీ ఏంటి? ఐదు నిమిషాలాగు."

పక్కవాటా రిటైర్డు బస్సు డ్రైవరు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "బ్యాటరీయే బాబూ. ముప్పై రెండేళ్ల సర్వీసు నాది, చప్పుడు విని చెప్పేస్తా."

"చప్పుడే రావట్లేదు బాబాయ్ గారూ."

"నేను చెప్పేదీ అదేగా."

ఆయన బ్యాటరీ తీగలు ఊడదీసి మళ్లీ బిగించేసరికి దొంగల అలారం లంకించుకుంది. వీధంతా బాల్కనీల్లోకొచ్చింది. ఫోనులో మామగారు, "ఏసీ ఆపి చూశారా అల్లుడుగారూ?" అని అరుస్తున్నారు. పైవాటా లెక్కల మాస్టారు దిగొచ్చి, తోస్తే అదే కదులుతుందని తేల్చారు. అందరూ కలిసి తోశారు. కారు కదిలింది గానీ ఇంజిన్ కదల్లేదు. వాళ్లు అలిసి వదిలేసిన చోట, గేటుకు అడ్డంగా నిలిచింది. మాస్టారి స్కూటరు లోపలే ఉండిపోయింది.

"పరీక్ష పేపర్లు నా దగ్గరే ఉన్నాయయ్యా," అన్నారాయన ఏడుపు గొంతుతో.

తొమ్మిదిన్నరకు మెకానిక్ వచ్చాడు. తాడిచెట్టంత మనిషి. ముందు అలారం నోరు మూయించాడు. కూర్చుని తాళం తిప్పగానే ఇంజిన్ గుర్రుమంది. ఆపి దిగాడు. భర్త ఎక్కి తిప్పాడు. మౌనం. మెకానిక్ తిప్పితే గుర్రు, ఇతను తిప్పితే మౌనం.

"నీ మీద అలిగినట్టుంది బాబూ," అన్నాడు డ్రైవరు.

మెకానిక్ వంగి లోపలికి చూశాడు. "క్లచ్ చివరిదాకా తొక్కితేనే ఈ బండి లేస్తుంది సార్. మీ కాలు సగం దాకే పోతోంది. సీటు ముందుకు లాక్కోండి, చాలు."

అందరి చూపులూ అతని కాళ్ల మీదికి దిగాయి. ఆమె మాత్రం నవ్వాపుకుంటూ అతని చెవి దగ్గరికి వంగింది.

"నేనేమైనా టేపు పెట్టి కొలిచి చేసుకున్నానా మిమ్మల్ని? దిగండి, టైమైపోతోంది."

మాస్టారికి క్షమాపణలు చెప్పే పని అతనికొదిలేసి, ఆమె స్టీరింగు పట్టి రయ్యిమని వెళ్లిపోయింది. పదికి రెండు నిమిషాలుందనగా సంతకం పెట్టింది.

సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకురావడానికి అతను బస్సులో వెళ్లాడు.