గోడకు సంజాయిషీ నోటీసు

ఆఫీసు కింది హాల్లో ఉత్తరం వైపు గోడ విధి నిర్వహణలో నిర్లక్ష్యం చూపుతున్నందున దానికి సంజాయిషీ నోటీసు ఇవ్వడమైనది. పదే పదే పెచ్చులు రాల్చి సిబ్బంది నెత్తిన వేయడానికి కారణమేమిటో మూడు రోజుల్లోగా తెలపాలని, లేనిచో తదుపరి చర్య తప్పదని హెడ్ క్లర్కు స్వహస్తాలతో రాసి, జిగురు పూసి, గోడకే అంటించాడు. తెల్లారేసరికి నోటీసు నానిపోయి, ఇంకో పెచ్చును వెంటబెట్టుకుని కింద పడింది. నోటీసు తీసుకోవడానికి గోడ నిరాకరించినట్టు రికార్డులో రాసుకున్నారు.

వచ్చే సోమవారం పెద్దసారు మేడ దిగి ఈ హాల్లో ఉపన్యాసం ఇవ్వబోతున్నారు. నాలుగేళ్లలో ఆయన కిందికి దిగడం ఇదే మొదటిసారి. అందుకని గోడను రంగుకు సిద్ధం చేయమని పెయింటర్ మేస్త్రిని పిలిపించారు. మేస్త్రి, ఆయన భార్య కలిసే పనిచేస్తారు. ఆవిడ పాత రంగు గోకుతుంది, ఆయన లప్పం పెట్టి నున్న చేస్తాడు. ముప్పై ఏళ్లలో ఆయన చెయ్యి పడిన గోడ ఒక్కటీ పొక్కలేదు. "తడి ఆరందే బ్రష్షు ముట్టను" అన్నది ఆయన మాట. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. పెళ్లైన కొత్తలో కబుర్లు చెప్పమంటే కూడా అదే చెప్పేవాడని భార్య ఇప్పటికీ ఎద్దేవా చేస్తుంది.

మేస్త్రి గోడకు అరచెయ్యి ఆనించాడు. తర్వాత చెవి ఆనించాడు. తలెత్తి పైకప్పు మూలకు చూశాడు.

"పైన కొళాయి కారుతోందండీ. ఏముంది, వాషరు అరిగిపోయుంటుంది. కొత్తది నా జేబులోనే ఉంది. రెండు నిమిషాల పని. ఆ తర్వాత గోడని నాలుగు రోజులు ఆరనిస్తే అద్దంలా చేసిస్తాను."

హెడ్ క్లర్కు ముఖాన నెత్తురు చుక్క లేదు. "నెమ్మదిగా మాట్లాడవయ్యా! పైనున్నది పెద్దసారు సొంత బాత్రూము."

"ఎవరిదైతేనేం, కొళాయి కొళాయే కదండీ."

"నీదీ ఆయనదీ ఒకటేనా? పెద్దసారు కొళాయి కారదు. కారినట్టు ఈ నాలుగేళ్లలో ఒక్క కాగితం లేదు. తాళంచెవి ఆయన సొరుగులో ఉంటుంది. అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పే మొనగాడు ఈ ఆఫీసులో ఇంకా పుట్టలేదు. నువ్వు గోడ సంగతి చూడు."

"రోగం పైన, మందు కింద! బాగుంది వరస" అంది మేస్త్రి భార్య, గోకుడు రేకు విదిలించి.

అయితే మీ పనికో దండమని మేస్త్రి సామాను సర్దబోయాడు. "వెళ్లు, వెళ్లు. గోడ సిద్ధం చేయడం మేస్త్రికి చేతకాలేదని రాసుకుంటాం" అన్నాడు హెడ్ క్లర్కు. మేస్త్రికి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. వెళ్తే చేతకానివాడు, ఉంటే మాట తప్పినవాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరేలెమ్మని ఉండిపోయాడు.

అటుపైన ఆఫీసు చూపిన దీక్షను ఎంత పొగిడినా తక్కువే. గోడ చెమ్మపై ఒక ఉపసంఘం వేశారు. సంఘం గోడ వైపు కుర్చీలు వేసుకుని రెండు పూటలు కూర్చుని, చెమ్మకు మూలం సిబ్బంది ఊపిరేనని తేల్చింది. ఇకపై అందరూ కిటికీ వైపు తిరిగి ఊపిరి వదలాలని ఉత్తర్వు వచ్చింది. గోడ పక్క కూర్చునే టైపిస్టు అసలే ఆయాసం మనిషి, ఆమెను దూరపు గదికి బదిలీ చేశారు. చెమ్మ తగ్గలేదు. ఆమె అక్కణ్నుంచి ఊపిరి పంపుతోందేమోనని ఇంకో ఉపసంఘం వేశారు. ఫైళ్లు ఉక్కకు చచ్చినా సరేనని ఫ్యాన్లన్నీ ఊడదీసి గోడ ముందు నిలబెట్టారు.

ఈలోగా మేస్త్రి లప్పం పెట్టాడు. మర్నాటికి అది గంజిలా జారింది. గోకి మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. శనివారం మూడోసారి పెట్టి, జన్మలో మొదటిసారి తడి గోడకు బ్రష్షు ఆనించాడు. భార్య డబ్బా అందించలేదు, మొహం తిప్పుకుంది.

సోమవారం హాలు కిటకిటలాడింది. గోడ మిలమిల మెరుస్తోంది. పైన పటారం, లోన లొటారం. పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "గోడను చూస్తే దాని వెనకున్న పరిపాలన తెలుస్తుంది! ఈ గోడలో నాకు మీ అంకితభావం కనిపిస్తోంది!" అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆయన తల వెనక రంగు కింద ఒక బొబ్బ లేచింది. చూడనివాడు లేడు, చూశానన్నవాడు లేడు. ముందు వరసవాళ్లు మాత్రం కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు.

పెద్దసారు మేస్త్రిని ముందుకు పిలిచి ప్రశంసాపత్రం చేతికిచ్చారు. భుజం తట్టి, "ఏదైనా లోపముంటే మొహమాటం లేకుండా చెప్పు మేస్త్రీ. నాకు నిజమంటే ప్రాణం" అన్నారు.

మేస్త్రి చెయ్యి జేబులోకి వెళ్లింది. వేళ్లకు వాషరు తగిలింది. తలుపు దగ్గర నిలబడ్డ భార్య, చెప్పవయ్యా అన్నట్టు తలాడించింది. హెడ్ క్లర్కు రెండు చేతులూ జోడించాడు. పైన టప్పున చప్పుడైంది, హాలంతటికీ వినిపించింది.

"ఏ లోపమూ లేదండీ. అంతా తమరి దయ" అన్నాడు మేస్త్రి.

చప్పట్లకు హాలు దద్దరిల్లింది. ఆ అదురుకు బొబ్బ పగిలి, అరచేతంత పెచ్చు పెద్దసారు భుజమ్మీద పడింది. హెడ్ క్లర్కు పరుగున వచ్చి దులిపాడు. "పూలరేకు సార్" అన్నాడు. పెద్దసారు సంతోషించారు. సాయంత్రంలోగా గోడకు రెండో నోటీసు వెళ్లింది.

ఇంటికొచ్చాక భార్య ఆయన చొక్కా ఉతకబోతూ జేబులోంచి వాషరు తీసింది. ప్రశంసాపత్రం మీద దాన్ని పెట్టి, ఆయన ముందుకు తోసింది. "ఏమయ్యా, రెండు నిమిషాల పనన్నావుగా?" అంది. మేస్త్రి సిగ్గుతో తల దించుకుని, వాషరు తీసి మళ్లీ ఒంటిమీదున్న చొక్కా జేబులోనే వేసుకున్నాడు.

మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి, తప్పేం లేదు. నవ్వడం అయ్యాక ఒక్కసారి మీ జేబు తడుముకోండి. కుర్చీ ఎంత వెనక్కి జరిగిందో కూడా చూసుకోండి.