అద్దె విభాగం వారి పన్నెండో సదస్సు

నాగరిక సమాజానికి న్యాయం ఎంత అవసరమో, న్యాయానికి వార్షిక నివేదిక అంత అవసరం. (రెండూ ఒకేసారి దొరకని పక్షంలో నివేదికకే ప్రాధాన్యం ఇవ్వాలని మా బార్ అసోసియేషన్ నియమావళి పదకొండో పేజీలో స్పష్టంగా ఉంది.)

మా అసోసియేషన్‌లో ఇరవై మూడు ప్రత్యేక విభాగాలున్నాయి. విడాకులకు ఒకటి, వీలునామాలకు ఒకటి, ప్రహరీగోడలకు ఒకటి, ప్రహరీగోడ మీదికి వాలిన కొమ్మలకు వేరే ఒకటి. ఈ చివరి రెండూ ఒకప్పుడు ఒకే విభాగం. గోడ దాటిన కొమ్మ ఎవరిదన్న చర్చలో మాటా మాటా పెరిగి విడిపోయి, ఇప్పుడు ఒకే గదిలో మధ్య సుద్దగీత గీసుకుని కూర్చుంటున్నారు. ఫ్యాను గీతకు అటువైపు ఉంది. స్విచ్చి ఇటువైపు ఉంది.

నేను అద్దె ఇళ్ల విభాగానికి కార్యదర్శిని. మొత్తం తొమ్మిది మందిమి. ఇంటి యజమానుల తరఫు లాయర్లలో ఒకరు అధ్యక్షుడుగా, అద్దెకున్నవాళ్ల తరఫు లాయర్లలో ఒకరు కార్యదర్శిగా ఉండడం మా ఆనవాయితీ. అందువల్ల మా మధ్య తగాదాలు రావు. వచ్చేవన్నీ కక్షిదారుల మధ్యనే వస్తాయి.

ప్రతి విభాగమూ ఏడాదికి పన్నెండు కార్యక్రమాలు జరిపి తీరాలి. పదకొండే జరిపితే రద్దయి, 'ఇతరములు' అనే విభాగంలో కలిసిపోతుంది. ఇతరముల వారికి గది లేదు. మెట్ల కింద ఒక బల్ల ఉంది, నెత్తిమీద రోజంతా చెప్పుల చప్పుడు ఉంది. మాకు కిటికీ ఉన్న గది ఉంది. ఆ కిటికీలోంచి కనబడేది ఎదుటి గోడే అయినా, అది మా గోడ.

ఏది కార్యక్రమమో, ఏది కాదో తేల్చే అధికారం కార్యకలాపాల పరిశీలకుడిది. ఆయన్ని అందరూ టేపుగారు అంటారు. ఎక్కడ అడుగుపెట్టినా ఆయన ముందు జేబులోంచి కొలత టేపు తీసి బ్యానరు కొలుస్తారు, నమస్కారాలు ఆ తర్వాత. బ్యానరు ఆరడుగుల గుడ్డది అయి ఉండాలి. దాని ముందు పాతికమంది కూర్చుని ఉండాలి. ఒక ఉపన్యాసం జరగాలి. మూడూ ఒకే ఫొటోలో కనబడాలి. అయిదున్నర అడుగుల బ్యానరు కింద ఎంత గొప్పగా మాట్లాడినా అది పిచ్చాపాటీ కిందికి వస్తుంది. (నిరుడు విడాకుల విభాగం వారు పిచ్చాపాటీలోనే మూడు జంటల్ని కలిపారు. లెక్కలోకి రాలేదు. ఆ జంటలు కలిసే ఉన్నాయని వినికిడి, అది వాళ్ల బాధ్యత.)

"మరి ఎవరికైనా ఉచితంగా సలహా చెబితేనో?" అని ఒకసారి అడిగాను.

"బ్యానరు కింద చెప్పారా?"

"లేదండీ, మెట్ల దగ్గర నిలబడి చెప్పాను."

"అది మీ సొంత విషయం. చేసుకోండి, నేనేం కాదనను," అన్నారు టేపుగారు ఎంతో ఉదారంగా.

మొదటి సదస్సుకు ముందురోజు మా గదికి ఒకావిడ వచ్చింది. వీధి మలుపులో పద్దెనిమిదేళ్లుగా బట్టలు కుడుతున్న ఆవిడ. మెడలో కొలత టేపు, చేతిలో నోటీసు. దుకాణం యజమాని కొత్తగా కారు కొన్నాడు. కారుకు ఎండ తగులుతోంది. ఆ దుకాణం ఖాళీ చేయిస్తే కారు సరిగ్గా పడుతుందని కొలిచి చూసుకున్నాడు.

"ఈ మిషను చప్పుడుతోనే పిల్లలిద్దర్నీ పెంచానండీ. ఇక్కణ్ణించి లేపితే ఇంకెక్కడ కూర్చోను? నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు?" అంది.

నాకు నిజంగానే జాలేసింది. కేసు ఒప్పుకున్నాను, వకాలతు మీద సంతకం తీసుకున్నాను, కాగితాలు సొరుగులో పెట్టాను. అదే సొరుగులో ఆ సాయంత్రం హాజరు పట్టీలు పెట్టాను, ఆ పైన ఆహ్వానాలు పెట్టాను. తర్వాత ఆ సొరుగు మూయడానికి మోకాలు వాడాల్సి వచ్చింది.

ఆవిడ లేస్తూ బల్లమీది బ్యానరు కేసి చూసింది. కిందటేడు మిగిలిన పాత గుడ్డ అది. 'పన్నెండవ సదస్సు' అని ఉంది. దాన్ని 'మొదటి' చేయడం ఎలాగా అని తొమ్మిది మంది న్యాయవాదులం పొద్దుట్నించీ తల పట్టుకు కూర్చున్నాం.

"దానికేముందండీ, పైన ముక్క వేసి కుడితే సరి," అంది ఆవిడ. పావుగంటలో కుట్టేసింది.

అలా మొదలైంది. నెలనెలా ఆవిడ 'మొదటి' మీద 'రెండవ', 'రెండవ' మీద 'మూడవ' కుట్టుకుంటూ పోయింది. ఏడో నెలకి ఆ మేర గుడ్డ బొంతలా తయారైంది. టేపుగారు అక్కడ వేలితో నొక్కి చూసి, "విభాగం బలపడుతోంది," అని రాసుకున్నారు.

తొమ్మిది మందిమే అయితే, పాతికమంది ఎక్కణ్ణించి వస్తారన్నది రెండో చిక్కు. దాన్నీ ఆవిడే తీర్చింది. "బట్టలు ఇక్కడే ఇస్తానంటే జనం వాళ్లే వస్తారు లెండి," అంది. వచ్చారు. నాలుగో సదస్సు ఫొటోలో మూడో వరసలో ఒకాయన కొత్త కోటు తొడుక్కుని, చెయ్యి పైకెత్తి చంక దగ్గర బిగుతు చూసుకుంటున్నాడు. 'ప్రశ్న అడుగుతున్న పౌరుడు' అని కింద రాశాం. ఆ ఫొటో అసోసియేషన్ వార్షిక సంచికకు ముఖచిత్రం అయింది.

ఇక ఉపన్యాసం. దానికి మా మావగారున్నారు. నలభై ఏళ్లు వాదించి విశ్రాంతి తీసుకుంటున్న లాయరు. ఆయన దగ్గర ఒక్కటే ఉపన్యాసం ఉంది. శీర్షిక 'ఖాళీ చేయమనే నోటీసు, దాని గడువు'. మా పెళ్లిలో నాలుగు మంచి మాటలు చెప్పమంటే ఆయన చెప్పింది అదే. ఆయన నోరు విప్పగానే మా సభ్యులంతా టీకి లేస్తారు. నేను హాజరు పట్టీ పట్టుకుని వరసల్లో తిరుగుతాను. జనం తమ బట్టల్లో తాముంటారు. ఆవిడ మాత్రం ముందు వరసలో కూర్చుని, ఒళ్లో ప్యాంటు అంచు మడిచి కుట్టుకుంటూ, మధ్యమధ్య దారం పళ్లతో తెంపుతూ వినేది.

"ఆ అమ్మాయి శ్రద్ధగా వింటుంది అల్లుడుగారూ," అనేవారు మావగారు ఇంటికొచ్చాక.

"మా నాన్న మాట వినే మనిషి ఒకరు దొరికారన్నమాట," అనేది మా ఆవిడ, నాకేసి చూస్తూ.

ఈలోగా కేసు కూడా నడిచింది, అంటే వాయిదాలు పడ్డాయి. యజమాని తరఫు లాయరు మరెవరో కాదు, మా అధ్యక్షులవారే. ఇద్దరం ఒకే సదస్సుకు పరుగెత్తాలి కాబట్టి, ఇద్దరం ఒకే గొంతుతో వాయిదా అడిగేవాళ్లం. చివరికి జడ్జిగారికి విసుగొచ్చి, వచ్చే నెల ఇరవయ్యో తేదీ, ఉదయం పదకొండు గంటలు, ఇదే ఆఖరు అన్నారు.

ఇరవయ్యో తేదీ ఉదయం పదకొండు గంటలకు మా పన్నెండో సదస్సు. టేపుగారి తుది తనిఖీ కూడా అప్పుడే.

"మీరు కోర్టుకు వెళుతున్నారా?" అన్నారు అధ్యక్షులవారు.

"మీరు?"

"నేను లేకపోతే ఫొటోలో మధ్య కుర్చీ ఖాళీ."

"నేను లేకపోతే ఫొటో తీసేవాడే లేడండీ."

ఇద్దరికీ మనసు తేలికపడింది. రెండు పక్షాల లాయర్లూ రానప్పుడు కోర్టు మాత్రం ఏం చేస్తుంది, వాయిదా వేస్తుంది. లేచి "వాయిదా కావాలండీ" అని ఒక్క మాట చెబితే చాలని ముందురోజు ఆవిడకు నేర్పాను.

"అలాగేనండీ. మరి రేపు నేను కోర్టులో ఉంటే బ్యానరు ముక్క ఎవరు కుడతారు?" అంది.

నవ్వేశాను. పన్నెండో సదస్సు చేయబోయే విభాగానికి ఒక ముక్క గుడ్డ లెక్కా?

మర్నాడు సభలో తొమ్మిది మందిమి, మావగారు, టేపుగారు, పదహారు ఖాళీ కుర్చీలు. ఆవిడ రాలేదు, కాబట్టి బట్టలు రాలేదు, కాబట్టి జనం రాలేదు. బ్యానరు మీద 'పదకొండవ' అనే ఉంది. దానిపైన నేను కాగితం మీద రాసి పిన్ను పెట్టాను. టేపుగారు కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది గుడ్డ కాదు," అన్నారు. కాదనడానికి మా తొమ్మిది మందికీ ఒక్క నిబంధన తట్టలేదు.

మావగారు లేచి ముందు వరసకేసి చూశారు. "ఆ కుట్టే అమ్మాయి ఏదీ?"

"కోర్టులో ఉందండీ. ఆవిడ దుకాణం కేసు ఈవేళే."

"దుకాణం కేసా? ఖాళీ చేయమన్నారా? నోటీసులో గడువెంత?"

నేను సొరుగు గురించి ఆలోచించాను. "చూడలేదండీ," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుని కూర్చున్నారు. పదమూడేళ్ల అల్లుడికంలో ఆయన ఉపన్యాసం మానేయడం అదే మొదలు. ఇంకెవరి మొహం చూడకుండా కోర్టుకు పరుగెత్తాను.

ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.

"వాయిదా ఇచ్చారామ్మా?"

"అడగలేదండీ. లేచేసరికి అదేమిటో, నోట్లోంచి వేరే మాట వచ్చింది."

"ఏం మాట?"

"నోటీసుకి ముప్పై రోజులుండాలండీ, ఇరవై తొమ్మిదైనా చెల్లదండీ, నాకు ఏడే ఇచ్చారండీ అన్నాను. బల్ల మీద ఇలా చరిచాను కూడా. అది తప్పేమో తెలీదు, మీ మావగారు చరుస్తారు కదా అని. జడ్జిగారు కాగితం తిప్పి చూసి, ఈ సంగతి ఏడాదిగా ఎవరూ చెప్పలేదేం అన్నారు. కేసు కొట్టేశారు." ఆవిడ మెడలోని టేపు కొసతోనే కళ్లు తుడుచుకుంది. "దుకాణం ఉన్నట్టేనంటారా లాయరుగారూ?"

ఉన్నట్టే అన్నాను. అంత సంతోషం నా సొంత గెలుపుల్లో ఎప్పుడూ కలగలేదు. (అవి మూడు.)

గెలుపును పన్నెండో కార్యక్రమంగా లెక్క కట్టమని ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టాను. టేపుగారు రెండు ప్రశ్నలు అడిగారు. బ్యానరు ఉందా, మీ విభాగం సభ్యుడు ఒక్కరైనా అక్కడ ఉన్నారా. రెండింటికీ ఒకటే జవాబు కావడంతో పని త్వరగా అయిపోయింది. విభాగం రద్దయింది. పాత వస్తువుల కింద బ్యానరు ఆవిడ పట్టుకెళ్లింది. గది ఖాళీ చేయాలని నాకూ అధ్యక్షులవారికీ చెరో నోటీసు వచ్చింది.

నోటీసు పట్టుకుని తిన్నగా వీధి మలుపుకు వెళ్లాను. దుకాణం ముందు ఎండ పడకుండా మా ఆరడుగుల బ్యానరు కట్టి ఉంది. దాని కింద బెంచీల మీద జనం, ప్రతివాళ్ల చేతిలో బట్టలో, కాగితాలో, కొందరి చేతిలో రెండూ. అధ్యక్షులవారు నాకంటే ముందున్నారు. మావగారు గుమ్మం పక్కన కుర్చీలో టీ తాగుతూ బల్ల చరుస్తున్నారు. టేపుగారు కూడా ఉన్నారు. బ్యానరు కొలిచి, తలలు లెక్కపెట్టి, 'ఇది కార్యక్రమమే' అని రాసుకుని, తన ప్యాంటు కొలతలు ఇచ్చి వెళ్లిపోయారు.

నా వంతు వచ్చింది. ఆవిడ మిషను ఆపకుండానే నోటీసు అందుకుని చదివింది.

"వారమే ఇచ్చారు. ఇది నిలవదండీ. గురువారం రండి, జవాబు రాసిపెడతాను. ఈవేళ ఎనిమిది ప్యాంట్లున్నాయి." కాగితం మడిచి తిరిగిస్తూ తలెత్తి చూసింది. "అయినా ఇది మీకు తెలియకపోవడమేమిటి లాయరుగారూ? మావగారు పదకొండుసార్లు చెప్పినప్పుడూ మీరు అక్కడే ఉన్నారుగా?"

ఉన్నాను. హాజరు పట్టీలో పదకొండు సంతకాలూ నావే.