ముందున్నవాడి చెయ్యి

ఆ ఆదివారం పొద్దున్న అత్తిపత్తి వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఆఫీసు వాళ్ళతో పాటు సైకిలెక్కాలి, వరుసలో అందరికంటే వెనక ఉండాలి, ఎవరి కంటా పడకుండా తిరిగి రావాలి, ఆ తర్వాత మేనేజరుగారి దగ్గర ట్రాన్స్‌ఫర్ మాట ఎత్తాలి. వీటిలో సైకిలెక్కడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

అత్తిపత్తి అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే చాలు, ముడుచుకుపోతాడు. పైగా ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల గుమాస్తా కాబట్టి, లోకంలో ఏ మూల ఏ ప్రమాదం పొంచి ఉంటుందో కంఠతా వచ్చు. భార్యది కూడా అదే కంపెనీ, కానీ ఇంకో ఊళ్ళో బ్రాంచి. రాత్రంతా బస్సులో కూర్చుంటే తప్ప చేరలేనంత దూరం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆదివారాలు మాత్రమే మొగుడూ పెళ్ళాం అనిపించుకుంటున్నారు. ట్రాన్స్‌ఫర్ ఎందుకని మేనేజరుగారు ఒకసారి అడిగితే, పెళ్ళాం మీద బెంగ అని చెప్పడానికి సిగ్గేసి "సొంత పనులు సార్" అన్నాడు. అప్పటినుంచీ ఆ విషయం అలాగే నానుతోంది.

బయలుదేరే ముందు ఆవిడ ఫోన్ చేసింది.

"ఈ వారం రాకపోయినా పర్లేదండీ. ఆయనకి నచ్చేలా మసలుకుని ఎలాగైనా అడిగెయ్యండి. మళ్ళీ నీళ్ళు నమిలి రాకండి."

"అడుగుతాను. తిరిగొచ్చాక అడుగుతాను."

"గొంతేంటి అలా ఉంది?"

"హెల్మెట్ పట్టీ బిగుతుగా ఉంది," అన్నాడు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

మేనేజరుగారు డాక్టరు భయపెట్టాక సైకిలు పట్టిన మనిషి. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలు మెండన్నట్టు, ఆఫీసు మొత్తానికి ఒకే రంగు చొక్కాలు కుట్టించి, మెయిన్ రోడ్డు చివర నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు.

"వరుసలో పోయేటప్పుడు వెనకవాడికి రోడ్డు కనబడదు. ముందున్నవాడి చెయ్యే మనకి కన్ను. పిడికిలి ఎత్తాడా, ఆగాలి. ఎడం చెయ్యి చాపాడా, ఎడమకి తిరగాలి. చెయ్యి వీపు వెనక ఊపాడా, పక్కకి తప్పుకోవాలి. ఎందుకని అడగొద్దు. అడిగేలోపు గోతిలో ఉంటారు."

"మరి ముందెవరు సార్?" అని అడిగింది క్యాషియరమ్మ. పోయినసారి మేనేజరుగారే ముందుండి వరుస మొత్తాన్నీ పంటకాలవలో దింపిన సంగతి ఆవిడ పైకి అనలేదు కానీ, ఆవిడ బూట్లకి ఆ మట్టి ఇంకా ఉంది.

"అత్తిపత్తి! నువ్వే ముందు."

"నేనా సార్? నాకు భయం సార్."

"అందుకేనయ్యా. ధైర్యమున్నవాడికి ఉన్న గొయ్యి కూడా కనబడదు. భయమున్నవాడికి లేని గొయ్యి కూడా కనబడుతుంది."

రోడ్డు బాగుంది. రెండువైపులా మొక్కజొన్న, తర్వాత పొద్దుతిరుగుడు, మధ్యలో దున్నిన నేల వాసన. చూసే కళ్ళుంటే పండగే. అత్తిపత్తికి మాత్రం ముందు చక్రం కింద జానెడు రోడ్డు తప్ప ఇంకేమీ కనబడలేదు. వెనక అందరి చైన్లూ కిరకిరమంటుంటే, తను బ్రేకు వేస్తే ఆఫీసు మొత్తం తన మీద పడుతుందని, వెయ్యకపోతే తనే దేనిమీదో పడతానని, ముందు నుయ్యి వెనక గొయ్యిగా తొక్కుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మొక్కజొన్న చేలోంచి ఏదో పురుగు వచ్చి కాలరులో దూరింది. వీపు మీద నడవడం మొదలుపెట్టింది. పురుగు కాటు క్లెయిములన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఎడం చెయ్యి వెనక్కి పోనిచ్చి టపటపా కొట్టుకున్నాడు. వెనక వరుస మొత్తం బుద్ధిగా పక్కకి తప్పుకుని, బురదలో దిగి, మళ్ళీ పైకొచ్చింది. పురుగు చంకలోకి వచ్చింది. అదే ఎడం చెయ్యి బారుగా చాపి విదిలించాడు. పురుగు ఎగిరిపోయింది. అమ్మయ్య అనుకుని తొక్కుతూ పోయాడు. కాసేపటికి గాని అతనికి తట్టలేదు, వెనక చైన్ల చప్పుడు లేదని.

తిరిగి చూస్తే రోడ్డంతా ఖాళీ. పై ప్రాణాలు పైనే పోయాయి. దూరంగా ఎడమవైపు పొద్దుతిరుగుడు చేల మధ్య మట్టిబాటలో, పువ్వుల పైన హెల్మెట్లు మాత్రమే తేలుతూ ఆఫీసు ఆఫీసంతా వెళ్ళిపోతోంది. ఆ బాట ఎటు పోతుందో అతనికి తెలియదు. దాని చివర కుక్కలుండొచ్చు, గట్టులేని బావి ఉండొచ్చు. ఎవరికి ఏమైనా నింద తన మీదే. ఇక ట్రాన్స్‌ఫర్ ఈ జన్మకి లేదనుకుంటూ, పళ్ళ బిగువున తొక్కి, బాట చివర ఏదో పాత ఊరి మొదట్లో వాళ్ళని అందుకున్నాడు.

వరుసలో చిట్టచివర మేనేజరుగారున్నారు.

"వచ్చావా! దారి చూపించి మమ్మల్ని ముందుకి పంపి, వెనక ఎవరైనా మిగిలిపోయారేమోనని చూసుకొస్తున్నావు కదూ?"

"అంటే సార్..."

"నాకు అర్థమైందిలే. పద, పద, ముందుకి పద."

నిజం గొంతుదాకా వచ్చి, అక్కడ ట్రాన్స్‌ఫర్ అడ్డం పడి ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని మళ్ళీ ముందుకొచ్చాడు. ఊరు కొండవాలున ఉంది. రాళ్ళు పరిచిన సందు, భుజాలు రాసుకునేంత దగ్గరగా పాత గోడలు, పైన కూలగా మిగిలిన కోట గుమ్మం. ఎక్కుతుంటే చెమటకి హెల్మెట్ జారి కళ్ళమీద పడింది. చెయ్యెత్తి దాని అంచుని గుప్పిట పట్టుకుని పైకి లాగాడు. వెనక అందరూ ఠక్కున ఆగిపోయారు.

మేనేజరుగారు ఆగినచోటే గోడకి జారబడి ఎవరింటి మెట్టు మీదో కూలబడ్డారు. మొహం కందగడ్డలా ఉంది. ఎదురింటి ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

"శత్రువులకి ఆయాసం రావాలనే ఆ కోట గుమ్మం ఇంత ఎత్తున కట్టారు నాయనా," అంది. "శత్రువులెవరూ ఇంతదాకా రాలేదు. మీరే మొదలు."

నీళ్ళు తాగి, ఊపిరి అందాక, మేనేజరుగారు అత్తిపత్తి చేతులు రెండూ పట్టుకున్నారు.

"ఇంకొక్క మలుపు ఎక్కి ఉంటే నేను పోయేవాణ్ణయ్యా. ఆగమని అడగడానికి నామోషీ. వెనక్కి తిరక్కుండానే నా బాధ కనిపెట్టావు! నీలాంటివాడి కోసమే ఇన్నాళ్ళూ చూస్తున్నా. నీ ట్రాన్స్‌ఫర్ రేపు పంపించేద్దామనుకున్నాను. ఇక పంపనుగాక పంపను. ఈ బ్రాంచిలో నా కుడిభుజం నువ్వే."

అత్తిపత్తికి ఇంతదాకా దాచిన నిజమే ఇప్పుడు దిక్కయింది.

"సార్, అది సైగ కాదు సార్. హెల్మెట్ జారింది. మట్టిబాట కూడా నేను చూపించలేదు. పురుగు దూరింది సార్!"

"నేను చూశాను సార్," అంది వెనకే ఉన్న క్యాషియరమ్మ. "గోక్కున్నాడు."

"మీరు ఊరుకోండమ్మా. ఒకడు పైకొస్తుంటే ఓర్వలేరు," అన్నారు మేనేజరుగారు. "చూశారా, పొగిడితే ఎంత ఒదిగిపోతున్నాడో!"

తిరుగు ప్రయాణంలో అత్తిపత్తి బుర్ర మొదటిసారి దొంగదారి తొక్కింది. నిజం చెబితే నమ్మనివాళ్ళు, కళ్ళారా చూస్తే నమ్మి తీరతారు. తను పనికిమాలినవాడని రుజువు చెయ్యాలి. వరుసని తప్పుదారి పట్టించే ధైర్యం అతనికి లేదు. ఊరికే ఆపడం మాత్రం చేతనవును. ఊరు దాటాక, ఎవరిదో కళ్ళం చుట్టూ ఎత్తైన రాతిగోడ, దాని పక్కన ఖాళీ రోడ్డు. పిట్ట కూడా లేదు. నెమ్మదిగా తొక్కుతూ పిడికిలి ఎత్తాడు.

బ్రేకులు కీచుమన్నాయి. క్యాషియరమ్మ అతని వెనక చక్రానికి వచ్చి తగిలింది.

"ఏమైందయ్యా?" అని అరిచారు మేనేజరుగారు.

"ఏమీ లేదు సార్!" అన్నాడు ఉత్సాహంగా. "ఊరికే ఆపాను. నాకు బుద్ధి లేదు సార్!"

ఆ మాట పూర్తి కాకముందే గోడ సందులోంచి కొండంత గడ్డి వేసుకున్న ట్రాక్టరొకటి వెనక్కి చూడకుండా వెనక్కే వచ్చి, వాళ్ళు ఉండాల్సిన చోటు నిండా నిలబడింది. డ్రైవరు దిగి వీళ్ళని చూసి, తల మీద చేతులు పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. క్యాషియరమ్మ ట్రాక్టరుని ఎగాదిగా చూసి, "నేనన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను సార్," అంది.

మేనేజరుగారు కళ్ళు తుడుచుకుంటూ వస్తుంటే అత్తిపత్తికి దారులన్నీ మూసుకుపోయినట్టనిపించింది. సైకిలు వదిలేసి, రోడ్డు పక్కన కూర్చుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"నేను ఇక్కడ ఉండలేను సార్. నా భార్య అక్కడుంది. ఆవిణ్ణి చూడకుండా ఉండలేకపోతున్నాను. సొంత పనులంటే అదే సార్!"

మేనేజరుగారు నోరు తెరిచి అతని పక్కనే కూలబడ్డారు.

"ఓరి నీ! నా మొహం చూడలేక పోతానంటున్నావనుకుని నాకు నిద్ర పట్టలేదయ్యా. ఆవిడా మన కంపెనీయే కదా! అక్కడి మేనేజరు నాతో ఉద్యోగంలో చేరినవాడు." అంటూనే ఫోన్ తీసి, చేలవైపు నడుస్తూ కాసేపు నవ్వుతూ, కాసేపు అరుస్తూ మాట్లాడి వచ్చారు. "అయిపోయింది."

ఇంటికి చేరీ చేరగానే అతను భార్యకి ఫోన్ చేశాడు.

"అడిగారా?"

"అడిగాను. ట్రాన్స్‌ఫర్ ఇచ్చేశారు."

"నిజంగా! ఎప్పుడొస్తున్నారు?"

"వచ్చేది నేను కాదు."

"మరెవరు?"

"నువ్వు."

అవతల ఎంతకీ చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికి భయపడినంతగా అతను ట్రాక్టరుకి కూడా భయపడలేదు.

"నన్నొక్క మాట అడక్కుండా నా ఉద్యోగం కదిలించేశారన్నమాట," అంది ఆవిడ చివరికి. "మీ సంగతి వచ్చాక చెప్తాను." తిట్టాలనే అంది గానీ, గొంతులో ఏడుపూ నవ్వూ రెండూ వినబడ్డాయి. అతనికి ఒళ్ళు తేలికైపోయింది. ఇన్నాళ్ళ బెంగా ఒక్కసారిగా దిగిపోయింది.

ఆవిడ చేరిన రోజున మేనేజరుగారు స్వయంగా కుర్చీ చూపించి, "ఇక మీ ఆయనకి ఆదివారం బస్సెక్కే బాధ తప్పిందమ్మా," అని, ఇంకో శుభవార్త కూడా చెప్పారు: వారం వారం తెల్లారగట్ల నుంచి పొద్దుగూకేదాకా సైకిళ్ళు, ముందు ఎప్పుడూ అతనే.

ఇప్పుడు ఆలుమగలిద్దరూ ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో, హాయిగా కలిసి ఉంటున్నారు, ఆదివారాలు తప్ప.