నాన్న అమ్మేసిన మొదటి ఛాన్సు

మా నాన్న పేరు డ్వేన్. పొద్దునా సాయంత్రం అరవై ఆవుల పాలు పితుకుతాడు. మిగతా సమయంలో రేడియోతో పోట్లాడతాడు.

ఈ ఏప్రిల్ అంతా ఆ పోట్లాట ఒకే విషయం మీద నడిచింది. చేత్తో విసిరే మా ఫుట్‌బాల్‌లో ఒక దయగల పద్ధతి ఉంది. ఏడాదంతా అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకి, కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే రోజున మొదటి ఛాన్సు ఇస్తారు. ఆ జట్టు ఆ ఛాన్సుతో అందరిలోకీ గొప్పవాణ్ణి తీసుకోవాలా, లేక ఛాన్సుని ఇంకో జట్టుకి ఇచ్చేసి బదులుగా కింది ఛాన్సులు రెండో మూడో పుచ్చుకోవాలా అన్నదే గొడవ.

"ఇచ్చెయ్యాలి!" అని నాన్న పాకలో రేడియో మీద అరిచేవాడు. "ఒక్కడి బదులు ముగ్గురొస్తారు. ఇంత చిన్న లెక్క రాదా మీకు?"

ఆవులు నెమరేస్తూ తల ఊపేవి. అమ్మ ఊపేది కాదు.

"అందరికంటే మంచిది చేతికందుతుంటే ఎవరైనా వదులుకుంటారా, డ్వేన్?"

"తెలివైనవాడు వదులుకుంటాడు, రెనీ."

"నన్ను చేసుకునేటప్పుడూ ఇదే లెక్క వేశావా?"

"అప్పట్లో నాకు రేడియో లేదు."

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లోనూ ఆ ఎంపిక ఉంది. ఏటా ఏప్రిల్ ఆఖరి శనివారం అమ్మమ్మ ఇంటి వెనక గడ్డిలో రెండు జట్లుగా ఆడతాం. ఒక జట్టుకి నాన్న కెప్టెన్, రెండోదానికి అమ్మ తమ్ముడు కర్ట్ మామయ్య. ఓడినవాళ్ళు గిన్నెలన్నీ తోమాలి, కానీ మరుసటి ఏడు మొదటి ఛాన్సు వాళ్ళదే. నాన్న ఆరేళ్ళుగా గిన్నెలు తోముతున్నాడు. వరసగా ఏడేళ్ళు ఓడిన కెప్టెన్ తన కుర్చీ ఇంట్లో ఇంకొకళ్ళకిచ్చి, మామూలు ఆటగాళ్ళలో కలవాలని అమ్మమ్మ రాసిన కాగితం ఆవిడ ఫ్రిజ్ మీద అతికించి ఉంది. నాన్న ఆ ఫ్రిజ్‌ని అటు తిరిగి తెరుస్తాడు.

ఎవరు ఎవర్ని ఎన్నో ఛాన్సులో తీసుకున్నారో నోటుపుస్తకంలో రాసే పని నాది. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి నాకిచ్చారు. ఆ పుస్తకం ప్రకారం నాన్న అమ్మని మొదటి ఛాన్సులో ఒక్క ఏడు కూడా తీసుకోలేదు. మూడు, నాలుగు, ఒకసారి అయిదు. ఆ అయిదో ఛాన్సు ఏడు, ఇంటికొచ్చేటప్పుడు అమ్మ కారులో వెనక, నా పక్కన కూర్చుంది. రెండేళ్ళుగా మోకాలి నొప్పితో అమ్మ అసలు ఆడనే లేదు. నేనా? నేను ఏటా ఆఖరు. ఆఖరుకి ముందు గ్రేవీ. గ్రేవీ మామయ్య కుక్క.

శరదృతువులో అమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. చలికాలమంతా ట్రాక్టరు షెడ్డులో వేలాడే టైరులోంచి బంతి విసురుతూ సాధన చేసింది. విసిరిన బంతి అవతల పట్టుకునేది నేను. ధన్ ధన్‌మని చప్పుడు వినబడితే నాన్న, "ఆ పొగరుబోతు దూడ మళ్ళీ గోడ తంతోంది," అనేవాడు. నన్నెవరూ అడగలేదు.

ఎంపికకి రెండు రోజుల ముందు, గురువారం, అమ్మ మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఈసారి మొదటి ఛాన్సుతో ఎవర్ని తీసుకుంటున్నావ్?"

"అది రహస్యం."

"నేనైతే ఈ ఏడు ఆడుతున్నాను."

"ఆడు, ఆడు. మంచిదేగా!" అని నాన్న చెవిని రేడియోకి ఆనించాడు.

అమ్మ నా వైపు చూసింది. నేను రొట్టె వైపు చూశాను.

ఆ మధ్యాహ్నమే కర్ట్ మామయ్య వచ్చాడు, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెంతో. గుడ్డ తీస్తే చెర్రీ పై, లోపల పళ్ళు కూరి కాల్చిన పిండివంట. పుల్లటి చెర్రీ పై కనిపిస్తే నాన్న కళ్ళు దూడ కళ్ళలా అయిపోతాయి.

"బావా, ఒక బేరం," అన్నాడు మామయ్య. "నీ మొదటి ఛాన్సు నాకియ్యి. నా రెండోది తీసుకో. మూడోది ఎలాగూ నీదే. పైగా ఇది నేనే స్వయంగా చేసి తెచ్చాను."

నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "రెండూ మూడూ వరసగా నావే! చూశావా, రెనీ? రేడియోతో నేను మొత్తుకునేది ఇదే."

"మొదటిది వదులుకుంటే, నీకు కావలసినవాళ్ళు పోతారేమో," అంది అమ్మ గిన్నె తుడుస్తూ.

"ఎవరు పోతారు? పాల ట్యాంకరు ఫ్లాయిడ్ పోతే పోనీ, నీ మరదలు జిల్ వస్తుంది. ఆ తర్వాత నువ్వున్నావ్."

"నన్ను కర్ట్ తీసుకుంటే?"

నాన్న నవ్వాడు. చెడ్డగా కాదు. సొంత పాకలో సొంత ఆవుని చూసి నవ్వినట్టు.

"నిన్నెవరు తీసుకుంటారు, రెనీ? నువ్వెక్కడికీ పోవు."

అమ్మ గిన్నె తుడవడం ఆపింది. తర్వాత ఇంకో గిన్నె తీసుకుంది. "అయితే చెర్రీ పై తిను," అంది.

నాన్న ఒక వంటల కార్డు వెనక బేరం రాసి సంతకం పెట్టి, మామయ్య గుమ్మం దాటేలోపు సగం పళ్ళెం ఖాళీ చేశాడు. నేను ఆ అంచునే చూస్తూ కూర్చున్నాను. అంచు చుట్టూ ఫోర్కుతో నొక్కిన గీతలు. మూడు తిన్నగా, నాలుగోది వంకరగా. అలాంటి వంకర ఫోర్కు ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది మా వంటింటి సొరుగులో ఉంటుంది.

శనివారం అమ్మమ్మ మెట్ల మీద నిలబడి ఆవు గంట మోగించింది. చేతిలో కోడిపెట్ట ఆకారపు టైమరు. పచ్చిక మీదున్నవాళ్ళంతా, కుక్కతో సహా, ఏదో ఒక జట్టులోకి రావలసిందే. లేకపోతే ఎవరికీ భోజనం లేదు.

"మొదటి ఛాన్సు, కర్ట్‌ది!"

"రెనీ," అన్నాడు మామయ్య.

నాన్న చేతిలోని నిమ్మరసం చొక్కా మీద పడింది.

"అదేంటి? ఆమె మా ఇంటి మనిషి!"

"కార్డు మీద సంతకం ఎవరిది, అల్లుడూ?" అంది అమ్మమ్మ.

అమ్మ అప్పటికే నడుచుకుంటూ అటువైపు వెళ్ళిపోయింది. ఏమాత్రం కుంటలేదు.

"కర్ట్, ఆమెని వెనక్కిచ్చెయ్. ఏం కావాలి?"

"ఇప్పుడే ఎలా చెప్తాం, బావా? ముందు ఆ రెండోది నాకియ్యి. నా నాలుగూ ఆరూ తీసుకో. తర్వాత తీరిగ్గా మాట్లాడదాం."

కోడిపెట్ట టిక్కుటిక్కుమంటోంది. ఒకటికి రెండు! నాన్న తలాడించాడు. మామయ్య ఫ్లాయిడ్‌ని తీసుకున్నాడు. ఫ్లాయిడ్ పాల ట్యాంకరు నడుపుతాడు, చూడ్డానికి ట్యాంకరులాగే ఉంటాడు.

"ఆ మూడోది కూడా ఇచ్చెయ్, బావా. నా దగ్గర మిగిలింది ఎనిమిదో ఛాన్సు ఒక్కటే, అదీ ఇస్తాను. ఇంకో చెర్రీ పై కూడా."

"వద్దు, డ్వేన్," అన్నాడు మా పాస్టర్ లండీన్, తన క్షేమం కోరి.

నాన్న ఇచ్చేశాడు. మామయ్య తన భార్య జిల్‌ని తీసుకున్నాడు. ఆవిడ బడిలో పిల్లలకి వ్యాయామం నేర్పుతుంది.

"ఇక మిగిలినవన్నీ నీవే, అల్లుడూ," అంది అమ్మమ్మ.

"అన్నీ నావే!" అన్నాడు నాన్న, మొహం వెలిగిపోతూ. అప్పుడు తిరిగి చూశాడు. పచ్చిక మీద డెబ్భై ఆరేళ్ళ పాస్టరు, తుంటి సరిగా లేని పొరుగింటి బెర్నడీన్, మామయ్య గారి ఆరేళ్ళ కవలలు, నేను, గ్రేవీ.

నాలుగో ఛాన్సులో నన్ను పిలిచాడు. నా జన్మలో అంత ముందు నా పేరు ఎప్పుడూ రాలేదు. పుస్తకంలో ఆ పేరు కింద రెండుసార్లు గీత గీశాను.

"వాళ్ళు నలుగురు, మనం ఏడుగురం!" అని నాన్న మాకు ధైర్యం చెప్పాడు. "సంఖ్యాబలం మనది!"

సంఖ్యాబలం ఇలా సాగింది. కవలలు ఒకళ్ళనొకళ్ళు పడగొట్టుకున్నారు. బెర్నడీన్ కాపలా కోసం గీత దగ్గర మడతకుర్చీ వేసుకుంది, లేవలేదు. పాస్టరు తన మీదుగా ఎగిరిపోయిన ప్రతి బంతినీ తల పైకెత్తి మెచ్చుకున్నాడు. అమ్మ విసిరిన బంతులన్నీ అలాగే ఎగిరాయి. గ్రేవీ ఒకసారి బంతి నోట కరుచుకుని అద్భుతంగా పరిగెత్తి, అమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది.

"అమ్ముడుపోయావు కదరా!" అన్నాడు నాన్న బురదలోంచి.

ఒక్కసారి మాత్రం, వేరే దారి లేక, నాన్న కళ్ళు మూసుకుని నా వైపు విసిరాడు. చలికాలమంతా టైరులోంచి వచ్చిన బంతులకి ఇదో లెక్క కాదు. పట్టుకుని గీత దాటేశాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అవతలి జట్టులోని అమ్మ. నాన్న కళ్ళు తెరిచి, "నీకు పట్టుకోవడం ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"దూడ నేర్పింది," అన్నాను. ఆ రోజు నేను పైకి అన్న మాట అదొక్కటే.

నలభై రెండు, ఆరు. ఓడిపోయాం.

నాన్న పువ్వుల ఏప్రను కట్టుకుని అమ్మమ్మ సింకు ముందు నిలబడ్డాడు. మామయ్య బాకీపడ్డ రెండో చెర్రీ పై బల్ల మీదే ఉంది. నాన్న దాని అంచుని చూశాడు. వేలితో గీతలు లెక్కపెట్టాడు. మూడు తిన్నగా, ఒకటి వంకర.

"కర్ట్, నిజం చెప్పు. ఇది నువ్వే చేశావా?"

"నేనా? నేను రొట్టె కాల్చినా మాడిపోతుంది, బావా."

నాన్న నెమ్మదిగా అమ్మ వైపు తిరిగాడు. "నన్ను చెర్రీ పై పెట్టి కొన్నావా?"

"నేను కొనలేదు. నువ్వే అమ్మావు. అంతకుముందు రెండుసార్లు అడిగాను కూడా."

నాన్న చాలాసేపు ఒకే గిన్నె తోమాడు. తర్వాత సబ్బు చేతులతోనే అన్నాడు, "సరే. ఓడాం కాబట్టి వచ్చే ఏడు మొదటి ఛాన్సు మనదే. ఇప్పుడే చెబుతున్నా, అందరూ వినండి. మొదటి పేరు రెనీ. కోటి ఇచ్చినా అమ్మను."

అమ్మమ్మ ఫ్రిజ్ మీది కాగితం తీసుకొచ్చి, తడవకుండా ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. "ఏడేళ్ళయింది, అల్లుడూ. నువ్విక కెప్టెన్‌వి కాదు. నీ జట్టూ, నీ మొదటి ఛాన్సూ రెనీవి."

నాన్న కాగితం చదివాడు. రెండోసారి కూడా చదివాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అయితే వచ్చే ఏడు మొదట నన్నే తీసుకుంటావుగా, రెనీ?"

అమ్మ చెర్రీ పై ముక్క కోసి ముందు నా పళ్ళెంలో పెట్టింది. నా వైపు చూసి కన్నుగీటింది.

"నిన్నెవరు తీసుకుంటారు, డ్వేన్? నువ్వెక్కడికీ పోవు."