మోటరు తిప్పగల వాక్యం

మనిషికి పని వచ్చా రాదా అన్నది ఇకపై అతను రాసిన ఇంగ్లిషు వాక్యమే తేలుస్తుందని ప్రొద్దుటూరులోని సమర్థతా నిర్ధారణ కార్యాలయం ప్రకటించింది. (పని చూసి తేల్చే పాత పద్ధతిలో అధికారులు ఎండలో నిలబడాల్సి వచ్చేది.)

ఆ ప్రకటన పుణ్యమా అని జమ్మలమడుగులో హేమలత నడిపే ఇంగ్లిషు ట్యూషన్‌కు కళ వచ్చింది. ‘ఐ కెన్’ ఎక్కడ రాయాలో, ‘ఐ యామ్ ఏబుల్ టు’, ‘ఐ యామ్ కేపబుల్ ఆఫ్’ ఎక్కడ రాయాలో ఆమె ఓపిగ్గా చెప్పేది. వాళ్ల పేటకు మోటరు వేసి నీళ్లు వదిలే నయీం కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఆ మోటరు అతని చేతిమీదే నడుస్తోంది. వాక్యం నెగ్గితే పని ఉంటుంది, లేదంటే ఇంకొకరికి పోతుంది.

నయీం తొందరగానే నేర్చుకున్నాడు. చిక్కల్లా ప్రతి వాక్యం ముందూ ‘ఇన్‌షా అల్లా’, అంటే దేవుడు తలిస్తే, అని రాయడమే.

“అది తీసెయ్ నయీమప్పా. నీకు చేతనైతాదని నువ్వే గట్టిగా రాయల్ల,” అంది హేమలత.

“రేపటి మాట యాదైనా మేం అట్లనే మొదలుపెడతాం మేడం. అది తీసేస్తే శానా గర్వమైతాది.”

అది తీయకుండానే పంపిన దరఖాస్తుకు కార్యాలయం జవాబు ఇంగ్లిషులోనే వచ్చింది. హేమలతే చదివి చెప్పింది. దరఖాస్తుదారు సమర్థత మూడో వ్యక్తి ఇష్టం మీద ఆధారపడి ఉన్నది, సదరు వ్యక్తి నుంచి నిరభ్యంతర పత్రం జతచేయలేదు, కావున ఇతను అసమర్థుడు. నయీం తల ఊపి, మోటరు షెడ్డు తాళాలు యశ్వంత్‌కు అప్పగించాడు.

దువ్వూరు నుంచి వచ్చే యశ్వంత్ ఆమె ముందు బెంచీ విద్యార్థి. అన్ని వాక్యాలూ తప్పులేకుండా రాశాడు. మోటరును మాత్రం దూరం నుంచే గౌరవించేవాడు. వారం తిరక్కముందే అది ఆగిపోయింది. యశ్వంత్ ఏమాత్రం కంగారుపడకుండా, తాను నీళ్లు వదలగల స్థితిలో లేనని ఇంగ్లిషులో రాసి షెడ్డు తలుపుకు అంటించాడు. అశక్తతను ఇంత సమర్థంగా తెలియజేసినవారు జిల్లాలో లేరని కార్యాలయం మెచ్చుకుంది. (ఆ నోటీసు ఇప్పుడు పులివెందులకు కూడా నమూనాగా వెళ్లింది.)

ఖాళీ బిందెతో వచ్చిన హేమలత అలవాటుకొద్దీ నోటీసులో తప్పులు వెతికింది. ఒక్కటీ లేదు. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. పక్కన నయీం, అతని చేతిలోనూ బిందె.

“నయీమప్పా, నువ్వన్నా దాన్ని బాగు చేయగలవా?”

“నా చేత కాదని ఆఫీసోళ్లు రాసిచ్చినారు కదా మేడం,” అన్నాడు నయీం. “మీరే సదివి చెప్తిరి.”